అడుగబడని ప్రశ్న
యౌవనస్థులును పెద్దలును కలిసి చేయదగిన ఒక అధ్యయనము

ఈ పాఠమునకు ముందుగా ద్వితీయోపదేశకాండము 6:20–25, సంఖ్యాకాండము 27:1–11, 36:1–12 భాగములను చదువవలెను. చదువువారందరు ఒకే వయస్సువారు కాకుండ చూచుకొనిన మరింత మేలు.

తెలుగు సంఘములలో యౌవనస్థుల కూడిక, స్త్రీల సమాజము, సంఘ పెద్దల కమిటీ వేరువేరు దినములలో వేరువేరు గదులలో జరుగుట వాడుక. యౌవనస్థుల కూడికలో ఎప్పుడో ఒకప్పుడు వరకట్నమును గూర్చి ఒక ప్రసంగమో, వక్తృత్వపు పోటీయో ఉండును. చివర కట్నము తీసికొనమని, ఇయ్యమని చేతులెత్తి ప్రమాణము చేయుదురు. ఆ చేతులెత్తినవారిలో కొందరికి రెండు మూడేండ్లలో ప్రధానము జరుగును. మధ్యవర్తి వచ్చిపోయిన సంగతియు, అంకె ఎంతకు కుదిరినదను సంగతియు వరునికి తరువాత తెలియును. నాన్నగారు మాట ఇచ్చివేసిరి, నేనేమి చేయుదునని అతడు స్నేహితులతో అనును. స్నేహితులును ఒప్పుకొందురు; ఏలయనగా తమ యిండ్లలోను అదియే జరుగనున్నదని వారెరుగుదురు.

ఆ తండ్రి పక్షమున చెప్పదగిన మాట యొకటి ఉండవచ్చును. కాని యౌవనస్థుల కూడికలో అది వినబడదు, ఆయన ఆ గదిలో లేడు. పెద్దల కమిటీలో స్థలము కొనుగోలు, ప్రహరీ గోడ, కానుకల లెక్క వచ్చును గాని కట్నము కార్యక్రమ పట్టికలోనికి రాదు. ప్రకటనలు చదువు ఆచారమున్న సంఘములలో మూడు ఆదివారములు వివాహ ప్రకటన చదివి, అభ్యంతరము గలవారు తెలియజేయవలెనని కోరుదురు. చేతులు మారిన సొమ్మును అభ్యంతరముగా ఎంచి లేచి నిలిచినవారు అరుదు. ఈ విధముగా ఒకే ఇంటివారు ఒకే విషయమును గూర్చి రెండు గదులలో రెండు రీతులుగా మాటలాడి, ఒకే భోజనపు బల్లయొద్ద మౌనముగా కూర్చుందురు. యౌవనస్థుని ప్రమాణము అబద్ధము కాదు. ఎవరి యెదుట చేయవలెనో వారి యెదుట అది చేయబడలేదు, అంతే.

రెహబాము కథను (1 రాజులు 12) పెద్దలు యౌవనస్థులకు తరచుగా చెప్పుదురు. పెద్దల ఆలోచనను త్రోసివేసి, తనతో పెరిగిన యౌవనుల మాట విని, రాజ్యములో పెద్ద భాగమును పోగొట్టుకొనెనని దాని తాత్పర్యము. అందులో నిజమున్నది. అయితే ఆ అధ్యాయములో రెండు సంగతులు సామాన్యముగా గమనింపబడవు. రెహబాము ఏలనారంభించినప్పుడు నలువదియొక్క యేండ్లవాడు (14:21). అతనితో పెరిగినవారును ఇంచుమించు ఆ యీడువారే. హెబ్రీ మూలము వారిని యెలాదీమ్, అనగా పిల్లలు, అని పిలుచుట వయస్సును బట్టి కాక ఎత్తిపొడుపుగా కావచ్చును. రెండవ సంగతి ఈ పాఠమునకు ముఖ్యము. రాజు మొదట పెద్దలతో ఆలోచించెను. వారిని విడిచి తరువాత యౌవనులతో ఆలోచించెను. ఆ రెండు గుంపులు ఒకరి యెదుట ఒకరు కూర్చుండినట్లు కథలో ఎక్కడను లేదు. సొలొమోను సముఖమున నిలిచి అతని కాలపు వెట్టిని కన్నులార చూచిన పెద్దలకు, దాని బరువును ఆ చిన్నవారితో చెప్పు అవకాశమే దొరకలేదు. మూడు దినముల గడువుండియు రాజు ఆ అవకాశమును కల్పింపలేదు.

దీనికి భిన్నమైన చిత్రము ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయములో కలదు. ఈ కట్టడలును విధులును ఏమిటని కుమారుడు తండ్రిని ప్రశ్నించును. తండ్రి జవాబు విధుల వివరణతో మొదలుకాదు. తాము ఐగుప్తులో ఫరోకు దాసులై యుండిన కథతో మొదలగును. అది వంశ గౌరవమును పెంచు కథ కాదు. తండ్రి మొదట తన్ను విడిపింపబడినవానిగా చెప్పుకొని, ఆ తరువాతనే ఆజ్ఞలను గూర్చి మాటలాడును. ఇండ్లలోను సంఘములలోను ఈ క్రమము తారుమారగుట కద్దు. ఉపదేశము ముందు వచ్చును. దాస్యపు కథ అసలే రాదు. పిల్లలు అడుగుట లేదని పెద్దలు చింతింతురు గాని, అడిగినప్పుడు తమ కథ చెప్పుటకు సిద్ధముగా ఉన్నారా అనునది వేరు ప్రశ్న.

కట్నము విషయములో తెలుగు ఇండ్ల దాస్యపు కథ విచిత్రమైనది. కట్నము అనాదిగా వచ్చుచున్న ఆచారమని యౌవనస్థులును పెద్దలును సమానముగా నమ్ముచున్నారు. అది సరికాదు. కాయకష్టముతో జీవించిన అనేక కులములలో ఒకప్పుడు వరుని పక్షమువారే పెండ్లికుమార్తె ఇంటికి ఓలి చెల్లించెడివారు. ఆమె చేతి కష్టము ఒక ఇంటినుండి మరియొక ఇంటికి పోవుచున్నది గనుక ఆ సొమ్ము ఇచ్చెడివారు. అగ్రవర్ణములలోను కొన్ని కుటుంబములు కన్యాశుల్కము పుచ్చుకొనెడివి. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము నాటకము 1892లో మొదట ప్రదర్శింపబడినది; సొమ్ము కొరకు బాలికలను వృద్ధులకు కట్టబెట్టుట అందులోని విషయము. ముప్పది యేండ్లు గడచునప్పటికి, 1920ల ప్రారంభమున, కాళ్ళకూరి నారాయణరావుగారు వరవిక్రయము అను నాటకమును రచింపవలసి వచ్చెను. ఇక్కడ బేరము పెట్టబడినవాడు వరుడు. ఇంగ్లీషు చదువును సర్కారు ఉద్యోగమును గల వరులు కొద్దిమందియైనందున వారి వెల పెరుగుచు వచ్చెను. క్రమముగా ఓలి పుచ్చుకొనిన కులములును కట్నము ఇయ్యసాగినవి. క్రైస్తవ కుటుంబములలోను, మొదటి తరము చదువుకొని ఉద్యోగములలో కుదురుకొనినప్పుడు, ఓలి పోయి కట్నము వచ్చిన ఇండ్లు కలవు.

ఇక్కడ బైబిలు భాషను గూర్చి ఒక మాట చెప్పుట అప్రస్తుతము కాదు. నిర్గమకాండము 22:16–17లోను, 1 సమూయేలు 18:25లోను హెబ్రీ పదమైన మోహర్‌కు తెలుగు బైబిలు ఓలి అను మాటనే వాడినది. ఆనాటి పాఠకునికి దానిని వివరింప పనిలేకపోయెను. నేటి యౌవనస్థునికి వివరింపవలెను. ఆదికాండము 34:12లో ఓలితోపాటు కట్నమను మాటయు కనబడును. అయితే అక్కడ ఇయ్యజూపువాడు వరుడు. పాత తెలుగులో కట్నమనగా కానుక. ఆ వచనమును చూపి నేటి కట్నమును సమర్థించువారు సొమ్ము ఏ దిక్కునకు పోవుచున్నదో గమనింపలేదు. తండ్రి కుమార్తెకు ఇచ్చిన దృష్టాంతమును వెదకినయెడల కాలేబు కుమార్తెయైన అక్సా కలదు (యెహోషువ 15:18–19). ఆమె అడిగి నీటి మడుగులను పొందెను. అవి ఆమెకు ఇయ్యబడినవి.

ఇట్టి సంగతులు పుస్తకములలో దొరకును. కాని ఒక కుటుంబములో ఓలి ఎప్పుడు ఆగినది, కట్నము ఎవరి పెండ్లితో మొదలైనది అను సంగతి ఆ ఇంటి పెద్దల జ్ఞాపకములోనే ఉన్నది. ఎనుబది దాటిన అమ్మమ్మలలో కొందరు తమ తల్లుల పెండ్లికి ఓలి వచ్చిన మాట విన్నవారే. వారు వెళ్లిపోయిన తరువాత అడుగుటకు ఎవరును ఉండరు.

ఏ ఊరిలోనైనను ఉండదగిన ఒక కుటుంబమును ఊహించుకొనవచ్చును. తండ్రి రైల్వేలో పనిచేసి విరమించినవాడు. కుమార్తెకు అయిదేండ్ల క్రిందట పెండ్లియైనది. కుమారుడు దూర పట్టణములో ఉద్యోగి. యౌవనస్థుల కూడికలో చేయెత్తినవాడు. ఆదివారము సాయంకాలము, భోజనమునకు ముందు, అతడు నాయనమ్మను అడుగుచున్నాడు.

"నాయనమ్మా, నీ పెండ్లికి మీవాళ్లు ఎంత ఇచ్చారు?"

"మావాళ్లు ఇవ్వడమేమిటిరా? మీ తాతవాళ్లే రెండు చీరెలూ ఒక వెండి కడియమూ పెట్టి తీసికెళ్లారు. మీ నాన్న పెండ్లికే మొదటిసారి మనింట్లో కట్నం మాట వచ్చింది. ఉద్యోగమున్న పిల్లాడని అడగమన్నారు. నేనే అడిగాను."

కొంతసేపు ఎవరును మాటలాడరు. అప్పుడు తండ్రి, ఎవరివైపును చూడక, చెప్పును: "మీ అక్క పెండ్లికి ఎనిమిది లక్షలిచ్చాను. నాలుగు నా దగ్గరున్నవి. నాలుగు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. నెలకు ఎనిమిది వేలు వడ్డీయే అవుతుంది. నీకు వచ్చేదానితో అది తీర్చేద్దామని మీ అమ్మా నేనూ అనుకున్నాము."

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"నువ్వు అడగలేదు కదరా."

యౌవనస్థుడు పెరుగుట ఈ చోట మొదలగును. చేయెత్తినప్పుడు అతని ప్రమాణమునకు ఖరీదు లేదు. ఇప్పుడు దానికి నాలుగు లక్షల ఖరీదున్నది. కట్నము తీసికొననని చెప్పువాడు ఆ అప్పును తానును మోయుటకు సిద్ధపడవలెను. లేనియెడల అతని నీతికి చెల్లింపవలసినవాడు వృద్ధుడైన తండ్రియగును. ఈ లెక్క తెలిసినప్పుడు కొందరు వెనుకకు తగ్గవచ్చును. తెలియక చేసిన ప్రమాణముకంటె తెలిసి పడిన ఆ తడబాటు మేలు. తండ్రికిని ఒక సంగతి బయలుపడినది. కుమారుని భార్య తండ్రి కూడ ఎక్కడనో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుచుండునని ఆయన అంతవరకు తలంచియుండడు. నాయనమ్మ ఒప్పుకోలు ఈ ముగ్గురిలో ప్రశస్తమైనది. నేనే అడిగితినని ఆమె చెప్పియుండనియెడల తండ్రి నోరు తెరచియుండడు.

ఇంకను ఒక ప్రశ్న మిగిలియున్నది. ఆ ఎనిమిది లక్షలు అక్క పేర ఉన్నవా? ఆ గదిలో ఎవరికిని తెలియదు.

సెలోపెహాదు కుమార్తెల వృత్తాంతము ఇక్కడ అక్కరకు వచ్చును. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను అయిదుగురు ప్రత్యక్షపు గుడారము ద్వారమున మోషే యెదుటను, యాజకుడైన ఎలియాజరు యెదుటను, ప్రధానుల యెదుటను, సర్వసమాజము యెదుటను నిలిచిరి. ఐగుప్తునుండి వచ్చి మొదట లెక్కింపబడిన తరములో అప్పటికి మిగిలినవారు వేళ్లమీద లెక్కింపదగినంతమంది (26:64–65). ప్రశ్న వేయుచున్నది క్రొత్త తరము. వారు తండ్రిని గూర్చి చెప్పిన మాట గమనింపదగినది. అతడు కోరహుతో కూడిన తిరుగుబాటుదారుడు కాడనిరి. అయినను తన పాపమును బట్టియే మృతిబొందెనని ఒప్పుకొనిరి. అయినను అతని పేరు మాసిపోరాదనిరి. తండ్రిని గౌరవించుటయు, ఆయనను గూర్చి నిజము చెప్పుటయు ఒకే నోట ఇమిడినవి. యౌవనస్థులలో అనేకులకు ఈ రెంటిలో ఒకటే చేతనగును.

మోషే వెంటనే తీర్పు చెప్పలేదు. ధర్మశాస్త్రమును తెచ్చినవాడే జవాబు తెలియనివానివలె ఆ వ్యాజ్యమును యెహోవా సన్నిధికి తీసికొనిపోయెను. వారి మాట యుక్తమని జవాబు వచ్చెను, అది ఇశ్రాయేలీయులందరికి కట్టడయాయెను. అంతటితో ముగియలేదు. ముప్పదియారవ అధ్యాయములో మనష్షే గోత్రపు పితరుల కుటుంబముల ప్రధానులు తమ చిక్కును తెచ్చిరి: ఆ కుమార్తెలు ఇతర గోత్రములవారిని పెండ్లాడినయెడల భూమి గోత్రమునుండి తొలగిపోవును గదా యనిరి. వారి మాటయు యుక్తమనియే జవాబు. హెబ్రీ మూలమున 27:7లోను 36:5లోను కేన్ అను ఒకే మాట కలదు. కుమార్తెల హక్కు రద్దు కాలేదు. దానికి ఒక హద్దు ఏర్పడెను. ఆ హద్దు నేటి పాఠకురాలికి రుచింపకపోవచ్చును, దానిని గూర్చి చర్చలో ఆమె నిర్భయముగా మాటలాడవలెను. అయినను పెద్దల అభ్యంతరమును విన్నంతమాత్రాన చిన్నవారి న్యాయము కొట్టివేయబడనక్కరలేదను సంగతి ఆ రెండు అధ్యాయములను కలిపి చదివినప్పుడే తెలియును.

దేశపు చట్టము ఏమి చెప్పుచున్నదో ఉభయులు తెలిసికొనియుండవలెను. వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది. కట్నము తీసికొనుటయే గాక ఇచ్చుటయు నేరము. 1986 సవరణ తరువాత శిక్ష అయిదేండ్లకు తక్కువ కాదు. వధువు నిమిత్తము పుచ్చుకొనిన కట్నము ఎవరి చేతిలో ఉన్నను దానిని నిర్ణీత గడువులో ఆమెకు అప్పగింపవలెనని ఆ చట్టములోని ఆరవ సెక్షను. భర్తయు అతని బంధువులును పెట్టు హింస 1983లో ప్రత్యేక నేరమాయెను. పెండ్లియైన ఏడేండ్లలోపల కట్నపు వేధింపు వెనుక సంభవించు అసహజ మరణము 1986లో వేరు నేరముగా చేర్చబడెను. 2024 జూలై 1 నుండి ఆ రెండును భారతీయ న్యాయ సంహితలో కొనసాగుచున్నవి. 2022లో దేశమంతట వరకట్న మరణములుగా నమోదైన కేసులు 6,000కు పైగా నుండెను.

ఇంతకంటె క్రైస్తవ పెద్దలను తాకవలసిన చట్టము మరియొకటి కలదు. భారత వారసత్వ చట్టము, 1925 ప్రకారము వీలునామా లేకుండ మరణించిన క్రైస్తవుని ఆస్తిలో భార్యకు మూడవవంతు, మిగిలినది సంతానమునకు సమభాగములుగా చెందును. కుమారుడని కుమార్తెయని భేదము లేదు. కేరళలో తిరువాన్కూరు క్రైస్తవుల 1916 నాటి శాసనము కుమార్తెకు కుమారుని భాగములో నాలుగవవంతు లేక 5,000 రూపాయలు, ఏది తక్కువయైన అది, స్త్రీధనముగా నియమించి తక్కినది లేకుండ చేసెను. మేరీ రాయ్ అను ఉపాధ్యాయిని తెచ్చిన వ్యాజ్యములో 1986లో సుప్రీంకోర్టు ఆ శాసనము ఇక చెల్లదనియు, 1925 చట్టమే వర్తించుననియు తీర్పు చెప్పెను. తెలుగు క్రైస్తవులకు అట్టి అడ్డంకి లేకపోయెను. అయినను కట్నమిచ్చితిమి గదా, ఇక భాగమెందుకని అనేక ఇండ్లలో అందురు. కుమార్తె ప్రేమచేత, పుట్టింటి గడప మూసికొనిపోవునను భయముచేత, సంతకము పెట్టును. కట్నము కుమార్తెకు ప్రేమతో ఇచ్చు భాగమేనని పెద్దలు చెప్పునప్పుడు యౌవనస్థులు ఎగతాళి చేయరాదు. ఆ మాటలో సగము నిజమున్నది. అది ఆమె పేర వ్రాయబడినదా యని మాత్రము అడుగవలెను.

కూడిక నడుపు విధమును గూర్చి కొద్ది మాటలు చాలును. పన్నెండు పదునైదుమందికి మించకుండిన మంచిది. పెద్దలు కుర్చీలలోను చిన్నవారు చాపమీదను కూర్చుండినయెడల సంభాషణ మొదలుకాకముందే ముగిసినట్లే; కలిసి కూర్చుండవలెను. రెండు సాయంకాలములు కావలెను. మొదటి సాయంకాలము యౌవనస్థులు ప్రశ్నలడుగుటయు, పెద్దలు తాము చూచినది చెప్పుటయు మాత్రమే. ఎవరును తీర్పు చెప్పరాదు. రెండవ సాయంకాలము యౌవనస్థులు ముందుగా మాటలాడవలెను. కాపరి అయ్యగారు చివర ప్రసంగముతో ముగింపకుండుట కష్టమైన త్యాగమే గాని అవసరము. ప్రస్తుతము సంబంధము మాటలాడుకొనుచున్న కుటుంబమును బలవంతముగా చర్చలోనికి లాగరాదు. మామయ్యల యెదుట ఆడపిల్లలు నోరు మెదపని ఊళ్లు ఇంకను కలవు. ఒక్కతెను లేపి మాటలాడుమనుటకంటె, వారు కలిసి తమ ప్రశ్నను వ్రాసికొనివచ్చి పెద్ద స్త్రీ యొకతె చదువుట మేలు. సెలోపెహాదు కుమార్తెలును అయిదుగురు కలిసియే నిలిచిరి. ఖరగ్‌పూరు, ముంబయి వంటి పట్టణముల తెలుగు సంఘములలో పిల్లలకు తెలుగు తడబడవచ్చును. వారు ఏ భాష కలిపి మాటలాడినను మాటలాడనీయవలెను; తెలుగు దిద్దుటకు వేరు సమయమున్నది. పెద్దవానిని గద్దింపక తండ్రినివలె హెచ్చరింపవలెనను పౌలు సలహా (1 తిమోతి 5:1) ఎంత అవసరమో, యౌవనమును బట్టి ఎవరును తృణీకరింపకుండవలెనను మాటయు (4:12) అంతే అవసరము. మొదటిదే గోడలమీద వ్రాయబడుచున్నది.

చర్చ ఒక పనితో ముగియవలెను, లేనియెడల అదియు వక్తృత్వపు పోటీయే యగును. చేయదగిన పని యొకటి సిద్ధముగా ఉన్నది. 1985 నాటి నియమముల ప్రకారము వివాహ సమయమున ఇయ్యబడిన బహుమానములన్నిటికి జాబితా వ్రాయవలెను: వస్తువు, దాని సుమారు వెల, ఇచ్చినవారి పేరు, బంధుత్వము, దానిపై వధూవరుల సంతకములు. ఈ నియమమును పాటించు పెండ్లి కనబడుట కష్టము. ఆ జాబితా నమూనాను యౌవనస్థులు తెలుగులో సిద్ధపరచి, పెద్దల కమిటీ దానిని వివాహ దరఖాస్తుతో జతపరచవచ్చును. అంకెలు కాగితముమీద వ్రాయవలసి వచ్చినప్పుడు కొన్ని కోరికలు పలుకబడకయే ఆగిపోవును. ఒక సంవత్సరము తరువాత అదే గుంపు మరల కూడి, ఎన్ని పెండ్లిండ్లకు జాబితా వచ్చినదో చూచుకొనవలెను. మోషే మృతిపొందిన తరువాత సెలోపెహాదు కుమార్తెలు ఎలియాజరు నొద్దకును యెహోషువ నొద్దకును వచ్చి, తమకు ఇయ్యబడిన ఆజ్ఞను జ్ఞాపకము చేసిరి (యెహోషువ 17:3–4). ఆజ్ఞ అప్పటికే ఉన్నది. అయినను వారు వచ్చి అడుగవలసి వచ్చెను.

చర్చ కొరకు: మీ కుటుంబములో కట్నము ఎవరి పెండ్లితో మొదలైనది, అది ఎవరికి తెలియును? కుమార్తెకు ఇచ్చినది నేడు ఎవరి పేర ఉన్నది? కట్నము వద్దనుటకు ఈ గదిలోనివారిలో ఎవరెవరు ఎంత చెల్లింపవలసి వచ్చును, దానిని పంచుకొనుటకు ఎవరు సిద్ధముగా ఉన్నారు?